నల్ల గొడుగు ముందు గ్లూకోజు సీసా

మా సిస్టరమ్మ గురువారం పొద్దున చనిపోయింది. చనిపోయే నాటికి ఆమె నెత్తిన ఒక అబద్ధం ఉన్నది. దాన్ని పెట్టినవాడు ఆమె పనిచేసిన సర్కారు దవాఖాన సూపరింటెండెంట్. "నరానికి మందులెక్కించే పనిలో అలవాటైన నిర్లక్ష్యం" అని ఇంగ్లీషులో టైపు కొట్టించి, కింద పచ్చసిరాతో సంతకం చేసి, ఇరవై రెండేళ్లు మగవాళ్ల వార్డును నడిపిన హెడ్ సిస్టర్‌ను సస్పెండ్ చేశాడు. దాని మీద వచ్చే సోమవారం ఎంక్వయిరీ జరగాలి. నాలుగు రోజులు మిగిలి ఉండగా ఆమె గుండె ఆగిపోయింది.

శుక్రవారం నేను సుబేదారిలోని జిల్లా వైద్యశాఖ ఆఫీసుకు పోయి అడిగాను. క్లర్కు పాన్ నములుతూ ఫైలు మీద చెయ్యేశాడు.

"మనిషే పాయె. ఇంక ఎంక్వయిరీ ఎవరి మీద చేస్తరు తమ్మీ? ఫైల్ మూసేసుడే."

"మూస్తే, అందుల రాసింది?"

"రాసింది రాసినట్టే ఉంటది."

అదీ సంగతి. సోమవారం ఫైలు తెరవకపోతే ఆ ఒక్క వాక్యం ఎప్పటికీ ఆమె పేరు పక్కనే ఉంటుంది. అది నిజం కాదని చెప్పగలిగినవాళ్లం ఈ జిల్లాలో వందల మందిమి బతికున్నాం. మనం బతికుండి, ఆమె కాగితం మీద నేరస్తురాలైతే, ఎందుకు మన బతుకులు?

ఆమెను ఎరగనివాళ్లకు ముందు ఆమె సంగతి చెప్పాలి.

ఆమెది తొర్రూరు దిక్కు చిన్న ఊరు. పత్తి చేను, వరి మడి ఉన్న ఇల్లు. నర్సు ట్రైనింగుకు పోతానంటే ఇంట్లోవాళ్లు, రోగుల ఉచ్చలెత్తే పని మనకెందుకని నెల రోజులు మాట్లాడలేదట. ఆ సంగతి నవ్వుకుంటూ చెప్పేది. "ఇప్పుడు ఊర్లె ఎవలికి జెరమొచ్చినా మా ఇంటోళ్లే చీటీ రాసి పంపుతరు, మా ఆడిబిడ్డ దగ్గరికి పోండ్రని." పొట్టి మనిషి. తెల్లచీర కొంగు నడుముకు బిగించి, ముంజేతికి మగవాళ్ల గడియారం పెట్టుకునేది. దాని సెకండ్ల ముల్లు పెద్దది. అందుకే అది కొన్నదట.

వార్డు కిటికీ పక్కన మేకుకు ఒక నల్ల గొడుగు వేలాడేది. గ్లూకోజు సీసా ఎవరికి పెట్టాలన్నా ఆమె ముందు ఆ గొడుగు విప్పి, కిటికీ వెలుతురులో నిలబడి, సీసాను గొడుగు గుడ్డ ముందు పట్టి, మెల్లగా తలకిందులు చేసేది. ఆ నలుపు ముందు తెల్లటి పోగు తేలినా, నలుసు కదిలినా కనబడుతుంది. తర్వాత గొడుగు ముడిచి తెల్లగోడ ముందు పట్టేది. అక్కడ నల్లటిది కనబడుతుంది. ఆపైన మూత చుట్టూ వేలితో తడిమేది, తడి తగులుతుందేమో, గాజు చిట్లిందేమో అని. కొత్తగా వచ్చిన రోగులు నవ్వేవాళ్లు.

"సిస్టరమ్మా, వార్డుల వానొస్తదా ఏంది?"

"వస్తది. నీ నరంలకు. అందుకే మంచి నీళ్లో కావో సూస్తాన."

తాను చూసి ఊరుకునేది కాదు. రోగి వెంట వచ్చిన మనిషిని పిలిచి గొడుగు ముందు నిలబెట్టేది. "నువ్వు గూడ సూడు. ఏమన్న తేలుతాందా? మంచిగ సూసి చెప్పు." కూలికి పోయే ఆడవాళ్లు, హమాలీలు, వేలిముద్ర వేసేవాళ్లు ఆ సీసా వంక అంత శ్రద్ధగా చూడడం నేను ఎన్నిసార్లు చూశానో! దవాఖానలో వాళ్లను ఏదైనా అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా అందరూ "పక్కకు జరుగు" అనేవాళ్లే.

నేను ఆమెకు పరిచయమైంది లొల్లితోనే. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. నాకు పంతొమ్మిదేళ్లు. ఇంటర్ తప్పి, చేతికి దొరికిన కరపత్రమల్లా చదివి, అంగీ జేబులో పెట్టుకు తిరిగేవాణ్ని. మా మేనమామకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే రిక్షాలో వేసుకొని వచ్చాను. ఆయన పత్తి మార్కెట్లో హమాలీ, పనిచోటనే పడిపోయాడు. అప్పటికే అరవై దాటిన మనిషి. మంచం మీద పడుకోబెట్టిన రెండు నిమిషాలకు సీసా రాలేదని నేను వార్డంతా వినబడేటట్టు అరిచాను. పేదోని ప్రాణమంటే మీకు లెక్క లేదా, మీరు జీతాలు తినేది ఎవరి చెమట అని. ఆమె కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటున్నది. తిరిగి కూడా చూడలేదు.

"అయిందా? అయితే నువ్వు గూడ చేతులు కడుక్కో. మీ మామ చెయ్యి పట్టుకునేటోడు కావాలె నాకు."

ఆ రోజు మొదటిసారి దగ్గర నుంచి చూశాను. ముందు మామ పేరు, ఆయన నోటితోనే చెప్పించింది. చీటీతో సరిచూసింది. రబ్బరు గొట్టం, సూది నీళ్లలో ఎంతసేపు మరిగాయో గోడ మీది పలక మీద రాసి ఉంటే అది చదివింది. సీసాకు గొట్టం తగిలించి, మందు కొంచెం పారబోసి, లోపలి గాలి బుడగ చివరిదాకా పోయిందని చూసుకున్నది. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి, అది ఆరేదాకా ఆగింది. నేను ఆగలేకపోయాను.

"ఇంకేం చూస్తాండ్రు?"

"ఆరాలె. తడి మీద పొడిస్తే తుడిచినట్టు కాదు."

నరం ఒక్కసారికే దొరికింది. అట్ట ముక్క మీద చెయ్యి ఆనించి కట్టింది. తెల్లపట్టీ ముక్క మీద పెన్సిలుతో పేరు, మొదలుపెట్టిన టైము, నిమిషానికి ఎన్ని చుక్కలో రాసి సీసాకు అంటించింది. గడియారం చూస్తూ గొట్టం మీది స్క్రూ తిప్పుతూ చుక్కలు లెక్కబెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నోట్లెకు పోయింది తప్పైతే కక్కుతం. నరంలకు పోయింది ఎట్ల కక్కుతవ్ బిడ్డా? అందుకే తొందర పడ."

ఈ మాట ఆమె నాకొక్కనికే కాదు, ట్రైనింగు పిల్లలందరికీ చెప్పేది.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లు నేను పదిమందిలో చెప్పలేదు. ఇవ్వాళ చెప్పకపోతే నా కోపానికి విలువ లేదు.

మామ మూడో రోజుకు కోలుకున్నాడు. డాక్టరు ఇంకొక్క సీసా పెట్టి పంపమన్నాడు. గుండె బలహీనంగా ఉన్నది, మెల్లగా ఎక్కించమన్నాడు. సిస్టరమ్మ ముప్పై చుక్కలకు కట్టింది. సీసా అయ్యేసరికి నాలుగు గంటలు పడుతుంది. మా ఊరి బస్సు నాలుగింటికి. అది తప్పితే మర్నాడే. మా అత్త ఒకటే గోల, తెల్లారి చేన్లో కూలికి పోవాలె అని. వార్డులో అందరూ చేసే పనే అది. బస్సుకు టైమైతే సిస్టర్ అటు తిరగంగనే స్క్రూ వదిలేస్తారు. నేను చూశాను, నేర్చుకున్నాను. రెండున్నరకు లేచి స్క్రూ పూర్తిగా వదిలాను. చుక్కలు కాస్తా ధార అయింది. నాకెంత సంతోషమో! సర్కారు నత్తనడకను ఒక్క వేలితో ఓడించాననుకున్నాను.

పావుగంటకు మామ దగ్గడం మొదలుపెట్టాడు. మాట రావడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి గురగురమంటున్నది. సిస్టరమ్మ వార్డు ఆ కొస నుంచి పరుగున వచ్చింది. స్క్రూ మూసింది. మామను లేపి కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడేసింది. డాక్టరును పిలవమని ఒకరిని ఉరికించి, ఆక్సిజన్ తానే తెచ్చి పెట్టింది. ఇంజెక్షన్ పడ్డాక గంటకు గాని ఆయన పెదవులకు రంగు రాలేదు. అంతసేపూ ఆమె ఆయన వీపు మీద చెయ్యి తీయలేదు.

తర్వాత అడిగింది. గట్టిగా కూడా కాదు.

"ఎవలు ముట్టిండ్రు?"

అత్త నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూశాను.

"నేనే."

ఆమె రిపోర్టు బుక్కు తెచ్చుకొని అక్కడే స్టూలు మీద కూర్చొని రాసింది. తలకిందులుగానైనా నేను చదివాను. "రోగి బంధువు తెలియక స్క్రూ వదిలాడు. ముట్టవద్దని ముందే చెప్పవలసినది నేను. చెప్పలేదు. నా తప్పు." కింద సంతకం, టైము.

"నా పేరెందుకు రాయలే సిస్టరమ్మా?"

"నీ పేరు రాస్తే నీ ఒక్కనికి బుద్ధొస్తది. నా తప్పు రాస్తే పద్ధతి మారుతది."

మారింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున రౌండు కాకముందు వరండాలో రోగుల వెంట వచ్చినవాళ్లను కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పేది. సూది ఉన్న చోట వాపొచ్చినా, మండినా, ఎర్రబడ్డా పిలువుండ్రి. సీసాలో మందు మెడ దాకా దిగితే పిలువుండ్రి, ఖాళీ అయ్యేదాకా చూడొద్దు. చలి పుట్టినా, ఆయాసం వచ్చినా స్క్రూ మూసేసి పిలువుండ్రి. "మూసుడు మీ హక్కు. తెరుసుడు నా హక్కు. గిదొక్కటి యాదికి పెట్టుకుంటే సాలు."

ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లకు గడియారం ఎక్కడిది? చుక్కలు ఎట్లా లెక్కబెట్టాలి? దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం ఇంకెక్కడా ఉండదు. తాను గడియారం చూసి చుక్కలు కట్టేది. తర్వాత ఆ తల్లినో భార్యనో పిలిచి, "బతుకమ్మ చుట్టు తిరిగేటప్పుడు చప్పట్లు కొడుతవు గదా, గీ చుక్కకు సరిపోయే చప్పట్ల నడక ఏదో తీస్కో" అనేది. ఆ ఆడమనిషి తన తొడ మీద చప్పుడు రాకుండా చెయ్యి ఆడిస్తూ ఒకటి రెండు నడకలు మార్చి చూసి, "గిది సరిపోయింది" అనేది. "ఇంక గట్లనే సూడు. చుక్క నీ చప్పట్లను దాటినా, ఎన్కవడ్డా నన్ను పిలువు." వార్డులో ఏ మంచం దగ్గర చూసినా ఒక ఆడమనిషి సీసా వంక చూస్తూ తొడ మీద నెమ్మదిగా చెయ్యి ఆడిస్తూ ఉండేది. ఒకసారి ఒక హమాలీ, "మాకు బతుకమ్మ రాదు గద సిస్టరమ్మా, మేమేం కొట్టాలె?" అని వెక్కిరించాడు. "బస్త లేపేటప్పుడు ఏదో అంటరు గద, అది అను. జర బూతుల్లేకుంట." వార్డంతా నవ్వింది.

నేను ఆ వరండాకు రావడం మానలేదు. నా జేబులోని కరపత్రం ఒకటి తీసి చదివింది ఒక రోజు. మొత్తం చదివి మడిచి ఇచ్చింది.

"విప్లవం అని పదకొండు తావుల ఉన్నది. చేతులు కడుక్కోండ్రని ఒక్కతాన లేదు."

నాకు మండింది. ఆమెతో రెండు వారాలు మాట్లాడలేదు. తర్వాత పోయి, ఆమె చెప్పే పది నిమిషాల మాటలను సైక్లోస్టైల్ చేసి పంచుతానన్నాను. నేను రాసుకుపోయిన కాగితంలో "దోపిడీ", "రక్తపిపాసులు" అన్నిటినీ కొట్టేసింది. "సీస గురించి రాయి. సీస నిజమైతే మిగిలింది వాళ్లకే తెలుస్తది." అట్లా మిగిలింది ఒక్క పేజీ. దాన్ని పట్టుకొని ఊళ్లు తిరిగితే జనం అడిగింది ఒక్కటే. నీరసంగా ఉన్నది, ఒక సీస ఎక్కిస్తే తాకత్ వస్తది గదా? ఆ మాట ఆమెకు చెబితే చిరాకు పడ్డది. హనుమకొండ బట్టల సేటు ఒకాయన అదే కోరిక మీద వార్డుకు వస్తే, ఆమె అందరి ముందే అన్నది. "సేటూ, నోట్లెకు అన్నం పోతాంది గద? గంజిల జర ఉప్పేసుకొని తాగు. సూది పొడిచిన తావల్లా రోగం దూరే తొవ్వ. అక్కర లేనిది నేను తెరువ." సేటు మొహం మాడింది. పక్క మంచం మీది కూలికి అదే మాట ముందు రోజే చెప్పింది గనుక, అతను మాత్రం మురిసిపోయాడు.

ఇక సూపరింటెండెంట్ చేసిన పని.

పోయిన వానాకాలం కొత్త కాంట్రాక్టరు పంపిన సీసాలు వచ్చాయి. గొడుగు ముందు పట్టిన మొదటి సీసాలోనే సన్నటి పోగులు తేలాయి, పత్తి దూదిలాగ. రెండోదాంట్లో అదే. ఆ రోజు వార్డులో ఉన్న బంధువులందరినీ పిలిచి చూపించింది. ఒకరి తర్వాత ఒకరు గొడుగు ముందు నిలబడి చూశారు. నేనూ చూశాను. పది పెట్టెల మీద ఎర్ర పెన్సిలుతో "వాడరాదు" అని రాసి అల్మారాలో పెట్టి తాళమేసింది. సూపరింటెండెంట్ వార్డులోకి వచ్చి అందరూ వింటుండగానే అరిచాడు.

"పది పెట్టెలు పక్కకు పెడితే రోగులకేం పెట్టాలె? నీ గొడుగు పెట్టాల్నా?"

"గొడుగు పెడితే సావరు సార్. ఇది పెడితే సస్తరు."

ఆమెకు వారంలో సెలవు దొరికే రోజు ఆయన తాళం పగలగొట్టించాడు. అప్పుడు డ్యూటీలో ఉన్న చిన్న సిస్టర్ వద్దన్నదట. ఉద్యోగం ఊడుతుందని బెదిరించాడు. పొద్దున ఏడు సీసాలు పెట్టారు. మధ్యాహ్నానికి నలుగురు మగమనుషులు మంచాలు కదిలేటట్టు వణికిపోయారు. ఆ నలుగురిలో ముగ్గురి పక్కన ఉన్న ఆడవాళ్లు సిస్టరమ్మ చెప్పినట్టే స్క్రూ మూసి కేకలు వేశారు. నాలుగో మనిషి పక్కన ఎవరూ లేరు. ఆయన ఇండ్లు కట్టే సుతారి మేస్త్రి. ఒంటరిగా వచ్చాడు. మర్నాడు చనిపోయాడు.

ఆ చావుకు జవాబు చెప్పాల్సినవాడు ఏం చేశాడు? పాత రిపోర్టు బుక్కులన్నీ తీయించాడు. ఏడేళ్ల కిందటి ఆ పేజీ దొరికింది. "ముట్టవద్దని ముందే చెప్పవలసినది నేను. చెప్పలేదు. నా తప్పు." తన తప్పు తానే ఒప్పుకున్న మనిషి, అలవాటైన నిర్లక్ష్యం, సూదులు సరిగా మరిగించి ఉండదు, సీసాలు అల్మారాలో పెట్టి పాడు చేసి ఉంటుంది అని కథ అల్లాడు. వార్డులో లేని మనిషి మీద!

సస్పెండైనాక ఆమె అద్దె గదికి పోయాను. బెండకాయలు కోస్తున్నది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"ఆ పేజీ లేకపోతే వాళ్ల చేతుల ఏముంటుండె సిస్టరమ్మా?"

"ఆ పేజీ లేకపోతే నా చేతుల ఏముంటుండె?" అన్నది. తర్వాత కత్తిపీట పక్కకు పెట్టి, "తప్పు రాసుకునుడు బందైతే, రేపటి నుంచి దవాఖానల తప్పులుండవు రా. సచ్చినోళ్లే ఉంటరు" అన్నది.

ఎంక్వయిరీలో చెప్పాల్సింది రెండు పేజీలు రాసి పెట్టుకున్నది. దాంట్లో తన గురించి ఒక్క వాక్యం లేదు. సీసాల మీది నంబర్లు, చూసినవాళ్ల పేర్లు, ఊర్లు. నలభై ఒక్క పేర్లు. అంతా గుర్తుపెట్టుకున్నది!

శ్మశానానికి సూపరింటెండెంట్ పూలదండ పంపాడు. తెచ్చిన ప్యూనును మేము తిట్టలేదు, దండను మాత్రం ముట్టుకోలేదు. అతను కాసేపు చేతుల్లో పట్టుకొని నిలబడి, తిరిగి సైకిలుకు తగిలించుకొని పోయాడు. నర్సులు కొందరు మామూలు చీరల్లో వచ్చి దూరంగా నిలబడ్డారు, ఎవరైనా పేరు రాసుకుంటారేమోనని. వాళ్లలో ఆ రోజు డ్యూటీలో ఉన్న చిన్న సిస్టర్ నా దగ్గరికి వచ్చి, "సోమవారం నేనొస్త అన్నా. తాళం ఎవరు పగలగొట్టమన్నరో చెప్త" అన్నది.

మనిషి లేకపోతే ఎంక్వయిరీ ఎవరి మీద అని అడిగిన క్లర్కుకు నా జవాబు ఇది. సీసా మీద చెయ్యండి. తాళం మీద చెయ్యండి. ఆ పచ్చసిరా సంతకం మీద చెయ్యండి. ఏడేళ్ల కిందటి పేజీ మీద కూడా చెయ్యండి. ఆ స్క్రూ వదిలిన వేలు నాది. నేను వచ్చి చెబుతాను, రాసుకోండి. మా మామ ఇంకా బతికే ఉన్నాడు, ఆయనా వస్తాడు. ఎట్లా బతికాడో ఆయననే అడగండి.

ఆమె కాగితంలోని నలభై ఒక్క పేర్లవాళ్లకు ఈ రెండు రోజులూ సైకిలు మీద తిరిగి చెప్పాను. తొర్రూరు దిక్కువాళ్లు మొదటి బస్సుకు బయలుదేరుతున్నారు. పేరు లేనివాళ్లు కూడా రావాలి. ఆమె వార్డులో ఒక్క పూట కూర్చున్నవాళ్లు, ఒక్క సీసా చూసినవాళ్లు, ఎవరైనా సరే. నినాదాలు అక్కర లేదు, జెండాలు అక్కర లేదు. ఈ మాట నేనే అంటున్నాను, నమ్మండి.

ఎంక్వయిరీ చెయ్యాల్సిన ఆఫీసరు జీపు దిగి లోపలికి పోవాలంటే పద్నాలుగు మెట్లు ఎక్కాలి. నేను లెక్కబెట్టాను. మెట్టుకు ముగ్గురం చొప్పున కింది నుంచి పైదాకా కూర్చుందాం. దారి అడిగితే ఇద్దాం, కానీ ఒక్కొక్కరం లేచి నిలబడి, మన పేరు, మన ఊరు, మన కండ్లతో చూసింది చెప్పిన తర్వాతే పక్కకు జరుగుదాం. పై మెట్టుకు చేరేసరికి ఆయన చేతిలో ఉన్న ఫైలు మూయడానికి రాకూడదు. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, సుబేదారి ఆఫీసు మెట్ల మీదికి రండి.